ఒక్కపొద్దా, జబ్బా? మా ఇంటి అనుభవం

(సమాఖ్య వార్షికోత్సవంలో మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

మార్కండేయ మహామునికి, భావనాఋషికి, చౌడేశ్వరమ్మ తల్లికి మొక్కి మొదలు పెడుతున్నాం. వేదిక మీది పెద్దలకు, భివండీ, ఇచల్‌కరంజి నుంచి, సేలం, కంచి నుంచి, దొడ్డబళ్ళాపూర్, బరంపురం, యానాం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు దండాలు.

మేము ఇద్దరం తోటికోడళ్ళం. సోలాపూర్ తూర్పు భాగంలో మా ఇల్లు. మా తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. కింద కార్ఖానా, పైన కాపురం. టవళ్ళు నేస్తాం. మా ఇంట్లో కోడళ్ళం ముగ్గురం. మాట్లాడేది చిన్నవాళ్ళం ఇద్దరమే. చెప్పబోయేది మా పెద్దక్క సంగతి. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే వచ్చాం. "చెప్పుండ్రి, గని నా పేరు చెప్పకుండ్రి. నన్ను పాపం అన్నట్టు చెప్పకుండ్రి" అన్నది. ఆ రెండు మాటలకూ కట్టుబడి చెప్తాం.

మాలో చదువుకున్నవాళ్ళు లేరు. డాక్టర్లం కాము. మా ఇంట్లో జరిగింది, దాని వల్ల మేము నేర్చుకున్నది, అంతే.

మూడేళ్ళ కింద మా అత్తమ్మ పోయింది. షుగర్. చివరికి ఒక కాలు తీసేశారు. ఆ ఏడాదిన్నర సేవ అంతా పెద్దక్కదే. కట్టు మార్చడం, ఇన్సులిన్ వేయడం, రాత్రి లేచి కూర్చోవడం. అత్తమ్మ పోయిన కొన్ని నెలలకు ఒక వైద్య శిబిరంలో పెద్దక్కకు పరీక్ష చేసి "షుగర్ బార్డర్‌లో ఉంది, బరువు తగ్గాలి" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. అప్పుడు ఆమెకు 46 ఏళ్ళు, 61 కిలోలు. మనిషి పొట్టి.

మొదట అన్నం తగ్గించింది, మంచిదే అనుకున్నాం. తర్వాత చక్కెర, నూనె మానింది, దానికీ సంతోషించాం. పొద్దున్నే నడక మొదలు పెట్టింది. అందరం మెచ్చుకున్నాం. పెళ్ళిళ్ళకు పోతే "ఎంత సన్నగైనవు అక్కా, ఏం తింటున్నవో మాకూ చెప్పరాదు" అని చుట్టూ చేరేవాళ్ళం. ఆ మాట అన్నవాళ్ళలో మేమిద్దరమూ ఉన్నాం. ఈ సంగతి దాచం.

తర్వాత జొన్నరొట్టె పోయింది. పప్పు పోయింది. ఒక్కపొద్దులు పెరిగినయ్. మన సోలాపూర్‌లో ఒక్కపొద్దుకు కరువు లేదు కదా. సోమవారం సిద్ధేశ్వరునికి, గురువారం అక్కలకోట స్వామికి, శనివారం వెంకటేశ్వరునికి. చతుర్థి ఉంది, పండరి విఠలుని ఏకాదశి ఉంది. చివరికి వారంలో నాలుగైదు రోజులు ఒక్కపొద్దే. "అక్కకు భక్తి ఎక్కువైంది" అనుకున్నాం. ఒక్కపొద్దు నాడు మనం సాబుదానా ఖిచిడీ తింటాం, పల్లీలు తింటాం, భగర్ వండుకుంటాం. ఆమె అవి అందరికీ వండి పెట్టేది, తాను మాత్రం నిమ్మకాయ నీళ్ళతో పొద్దు గడిపేది. ఎంత బాగా వండేదో! సర్వపిండి, గారెలు, పచ్చిపులుసు... వంటల సంగతి తప్ప వేరే మాట లేదు ఆమె నోట. తిండి మానిన మనిషికి పొద్దంతా తిండి ధ్యాసే ఎందుకుంటుందో అప్పుడు మాకు అర్థం కాలేదు. ఆకలితో ఉన్న శరీరం మనసును తిండి చుట్టూనే తిప్పుతుందని తర్వాత డాక్టరు చెప్పారు.

మేము చూసీ చూడకుండా వదిలేసినవి ఇంకా ఉన్నాయి.

గాజులు మోచేతి దాకా పోయేవి. ఉంగరానికి దారం చుట్టుకుంది. ఎండాకాలంలో కూడా చద్దరు కప్పుకునేది, "చలి పెడుతుంది" అనేది. దువ్వెన నిండా వెంట్రుకలు. ఒకనాడు ఉతికిన రవికలు మడతపెడుతుంటే పక్కన మూడు వరసల కుట్లు కనిపించాయి. నెలనెలా తనే లోపలికి కుట్టుకుంటూ వచ్చిందన్నమాట. తిన్న రోజున తిన్న వెంటనే బాత్రూంకు పోయేది, నల్లా విప్పేది, చాలాసేపు రాకపోయేది. కండెల డబ్బా వెనకాల సుఖ విరేచనం చూర్ణం డబ్బాలు దొరికాయి, ఒకటి కాదు, ఏడు.

అన్నిటికంటే పెద్ద సంగతి మా జాబర్ చెప్పాడు. నూలు కోన్లు తూచే కాంటా ఉంది కదా కింద, పొద్దున అయిదింటికి, పనివాళ్ళు రాకముందే, పెద్దక్క రోజూ దాని మీద ఎక్కేదట. "వదినమ్మ రెండుసార్లు, మూడుసార్లు ఎక్కి దిగుతది. ఒకనాడు ఏడుస్తుంటె చూసిన. చెప్తె బాగుండదని ఊకున్న" అన్నాడు. ఎన్ని నెలల నుంచి అని అడిగితే, "యేడాది అయితుండొచ్చు" అన్నాడు.

ఒకే ఇంట్లో ఉంటూ ఇన్ని రోజులు ఎట్లా కనిపించలేదు అని మీరు అడగవచ్చు. మేమూ మమ్మల్ని అదే అడుక్కున్నాం. జవాబు చాలా చిన్నది. మన ఇండ్లలో ముందు మగవాళ్ళు తింటారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత పనివాళ్ళకు పెడతాం, చివరికి ఆడవాళ్ళం. ఆడవాళ్ళలో కూడా ఇంటి పెద్ద అందరికీ వడ్డించి ఆఖరున తింటుంది. ఆఖరున తినే మనిషి ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో చూసేవాళ్ళు ఎవరు? గిన్నెలు ఖాళీ చేసి కడిగేస్తే లెక్క ఎవరికి తెలుస్తుంది? మగ్గం మీద పోగు తెగితే బట్టలో కనిపిస్తుంది. ఇంట్లో చివరి కంచం ఖాళీగా ఉంటే ఎందులోనూ కనిపించదు.

తెలిసిన తర్వాత మేము చేసిన పనులు కూడా చెప్పాలి. ఎందుకంటే వాటిలో చాలా భాగం తప్పులే.

మొదట తిట్టాం. "పిల్లల మొహం చూసైనా తిను" అన్నాం. తర్వాత ఒట్టు పెట్టించాం. నా మీద ఒట్టు, పిల్లల మీద ఒట్టు. ఆమె మా ముందర తిన్నది, లోపలికి పోయి కక్కేసింది. దిష్టి తీశాం. తాయెత్తు కట్టించాం. బావగారు "నువ్వు తినకుంటె నేనూ తినను" అని రెండు రోజులు పస్తున్నారు. ఆమె ఏడ్చి, ఆయన కోసం రెండు రొట్టెలు తిన్నది, మరుసటి రోజు ఆ రెండు రొట్టెలకు శిక్షగా పూర్తిగా మానేసింది. పెళ్ళికి వచ్చిన చుట్టాల ముందర "మా అక్క ఎట్లయిందో చూడుండ్రి" అని మేమే చూపించాం. ఆ రోజు నుంచి నెల రోజులు ఆమె మాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు మాదే.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఒక డాక్టరు టానిక్ రాశారు. ఇంకొకరు "ఈ వయసులో ఆడవాళ్ళకు ఇట్లనే ఉంటది" అన్నారు. ముట్టు ఆగే వయసు కాబట్టి మేమూ నమ్మాం. మా ఆడపడుచు కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్లనే మొదటిసారి అన్నది: "అత్తమ్మా, ఇది ఈటింగ్ డిజార్డర్ కావచ్చు." మేము నవ్వాం. "అది సినిమా హీరోయిన్లకు, కాలేజీ పిల్లలకు వచ్చేది. మనవరాలు పుట్టే వయసులో మనకు వస్తదా?" అన్నాం.

వస్తుంది. ఇది మేము ఈ సభలో గట్టిగా చెప్పదలుచుకున్న మొదటి మాట. ఈ జబ్బు చిన్న వయసులోనే ఎక్కువ మొదలవుతుంది, నిజమే. కానీ నలభై, యాభై ఏళ్ళలో కూడా మొదలవుతుంది. చిన్నప్పుడు ఉండి మానినది మళ్ళీ తిరగబెట్టవచ్చు. ముట్టు ఆగే రోజులు, దగ్గరివాళ్ళు చనిపోవడం, పిల్లలు ఇల్లు విడిచిపోవడం, బరువు తగ్గమని గట్టిగా చెప్పిన రోజు, ఇవన్నీ దానికి తలుపు తీయవచ్చు. మగవాళ్ళకూ వస్తుంది.

ఇందులో రకాలున్నాయి. బరువు పెరుగుతానేమో అన్న భయంతో తిండి మానేసి చిక్కిపోతే అనోరెక్సియా. ఒక్కసారి చాలా తిని, తర్వాత కక్కడమో విరేచనాల మందు వాడడమో చేస్తే బులీమియా. ఆపుకోలేక చాలా తిని, కక్కకుండా, సిగ్గుతో కుమిలిపోతే బింజ్ ఈటింగ్. ఈ మూడోదాంట్లో చాలామందికి ఒళ్ళు వస్తుంది, చిక్కదు. కాబట్టి మనిషి లావుగా ఉంది కదా, ఏమీ లేదు అనుకోవద్దు. మూడింటిలో కొన్ని కొన్ని కలిసి కూడా ఉంటాయి. మా అక్కది అట్లాంటిదే అన్నారు.

ఇంకొక మాట. తిండి తగ్గిన ప్రతి మనిషికీ ఇదే జబ్బు అనుకోవద్దు. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ ఉన్నా, క్షయ ఉన్నా, కడుపులో పుండైనా, క్యాన్సర్ అయినా, మనసు దిగులుతో ఉన్నా, పళ్ళు నొప్పి ఉన్నా మనిషి చిక్కిపోతుంది. ముందు అవన్నీ చూడాలి. మా అక్కకు అన్నీ చూశారు. థైరాయిడ్ లేదు, క్షయ లేదు, షుగర్ కూడా లేదు. ఏ షుగర్‌కు భయపడి మొదలు పెట్టిందో అది లేనే లేదు! కానీ రక్తం తక్కువ, పొటాషియం బాగా తక్కువ.

ఆ పరీక్షలు ఎప్పుడు చేయించాం అంటారా? పడిపోయాక. పోయిన శ్రావణ పున్నమి, మార్కండేయ స్వామి రథోత్సవం. మన వీధులన్నీ జనం. పొద్దుటి నుంచి ముప్పై మందికి వండింది, వడ్డించింది. రథం మా గల్లీ ముందుకు వచ్చినప్పుడు హారతి పట్టుకుని నిలబడి, నిలబడిన చోటనే కూలిపోయింది. అప్పుడు ఆమె బరువు 41 కిలోలు. పొటాషియం తగ్గితే గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు అని ఆసుపత్రిలో చెప్పారు. కక్కడం, విరేచనాల మందులు రెండూ పొటాషియంను తోడేస్తాయట.

అక్కడ ఇంకొక తప్పు చేయబోయాం. సంచి నిండా తిండి పట్టుకుపోయాం, నెయ్యి, లడ్డూలు, మటన్ రసం. డాక్టరు ఆపారు. చాలా రోజులు పస్తున్న శరీరానికి ఒక్కసారి ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఒక్కసారిగా పడిపోతాయి, అది కూడా ప్రాణాంతకమే. కొంచెం కొంచెంగా, రోజూ రక్తం చూసుకుంటూ పెంచాలి. అమ్మలారా, ఇది గుర్తు పెట్టుకోండి. ప్రేమతో అయినా సరే, చాలా చిక్కిపోయిన మనిషికి డాక్టరును అడగకుండా బలవంతంగా కుక్కిపెట్టవద్దు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆడపడుచు కూతురు 14416 నంబరుకు ఫోన్ చేయించింది. అది టెలీ మానస్, సర్కారు వాళ్ళది, 2022లో మొదలైంది. డబ్బులు లేవు, రాత్రింబగళ్ళు ఉంటుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు ఇది చాలా పెద్ద మాట. మరాఠీలో మార్కెట్ పని చేసుకోగలం, మనసులో మాట తెలుగులోనే వస్తుంది. అక్కడ చెప్పిన ప్రకారం మానసిక వైద్యుని దగ్గరికి పోయాం. బావగారు మొదట ఒప్పుకోలేదు. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోతె రేపు పిల్లకు సంబంధం ఎట్ల వస్తది?" అన్నారు. ఆయనను తప్పు పట్టం, మన అందరి భయం అదే. మా చిన్న మరిది అన్నాడు: "అన్నా, మొన్న వదిన పోయి ఉంటే సంబంధం వస్తుండెనా?" ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, బండి తీశారు.

డాక్టరు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఆమె ఎట్లా ఉంటుంది?" మేము ఆలోచించాం. మనం ఒక్కపొద్దు ఉంటే సాయంత్రం దీపం పెట్టి, నైవేద్యం పెట్టి, సంతోషంగా విడుస్తాం. ఆ ముద్ద ఎంత రుచిగా ఉంటుందో అందరికీ తెలుసు. అక్కకు విడిచే వేళ వస్తే చేతులు వణికేవి. ఏదో ఒక సాకు చెప్పి రేపటికి వాయిదా వేసేది. భక్తికీ జబ్బుకూ తేడా అక్కడుందని మాకు అప్పుడు తెలిసింది. దేవుని కోసం ఉండే ఒక్కపొద్దుకు పారణ ఉంటుంది. జబ్బుకు పారణ ఉండదు. జబ్బుపడినవాళ్ళకు, బాలింతలకు ఒక్కపొద్దు వద్దని మన పెద్దవాళ్ళే చెప్పేవారు. అది దేవునికి కోపం తెప్పించే పని కాదు.

ఆమె ఎందుకు చేసిందో మాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒక్కటే కారణం ఉండదట. అత్తమ్మ కాలు ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. అదే రోజుల్లో కొడుకు ఉద్యోగానికి పూణే పోయాడు. నూలు ధర పెరిగి, టవళ్ళ గిరాకీ పడి, మగ్గాలు సగం ఆపాం. ఒకనాడు రాత్రి డాబా మీద ఆమె మాతో అన్న మాట మాత్రం చెప్తాం, చెప్పమన్నది కూడా: "చెల్లె, ఇంట్ల ఏదీ నా చేతుల లేకుండె. పొద్దున కాంటా మీద ఎక్కినప్పుడు ముల్లు కిందికి దిగి ఉంటె, ఈ ఒక్క పనన్న నేను మంచిగ చేసిన అనిపించేది." మేమేమీ అనలేకపోయాం. పక్కన కూర్చున్నాం.

ఇప్పటికి పదకొండు నెలలు. 49 కిలోలకు వచ్చింది. ఆ అంకె కూడా ఆమెకు చెప్పం, డాక్టరు దగ్గర వీపు తిప్పి నిలబడి తూగుతుంది. కాంటా గదికి తాళం, తాళంచెవి జాబర్ దగ్గర. నెలకు రెండుసార్లు మాటల చికిత్స ఉంటుంది. పూర్తిగా బాగైందని చెప్పం. పోయిన నెలలో కూడా రెండు రోజులు వెనక్కి పోయింది. సంవత్సరాలు పట్టవచ్చు అన్నారు. కానీ పట్టుబట్టి చికిత్స చేయిస్తే ఏ వయసులోనైనా కోలుకునేవాళ్ళున్నారని కూడా అన్నారు. ఆ మాట పట్టుకుని ఉన్నాం.

ఇంట్లో మేము మార్చుకున్నవి చెప్తాం, మీకు పనికివస్తే తీసుకోండి.

మధ్యాహ్నం ఒకటిన్నరకు మగ్గాలు ఆపుతాం. ఇంట్లో అందరం, ఆడ మగ పిల్లలు, ఒకే పంక్తిలో కూర్చుంటాం. గిన్నెలు మధ్యలో పెట్టుకుంటాం. ఎవరి కంచం వాళ్ళదే, ఆఖరి కంచం అని ఏదీ లేదు. తినేటప్పుడు తిండి గురించి మాట్లాడం. "ఇంకొక ముద్ద తిను" అనం, "ఇవాళ బాగా తిన్నవ్" అని కూడా అనం. ఆ మెచ్చుకోలు కూడా ఆమెకు భయమే అట. తిన్న తర్వాత అరగంట ఎవరో ఒకరం ఆమెతో ఉంటాం, పత్తీలు ఆడుతాం, సీరియల్ చూస్తాం, కాపలా అన్నట్టు కాకుండా. ఎవరి ఒళ్ళు గురించీ మా ఇంట్లో మాట లేదు, లావు, సన్నం, నలుపు, తెలుపు, ఏదీ.

మీ ఇంట్లో ఎవరి మీదనైనా అనుమానం ఉంటే ఒక్కరు, నలుగురు కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు, తిండి వేళ కాకుండా వేరే వేళ అడగండి. "నువ్వు తింటలేవు" అని నిలదీయకండి. "నీకు చలి పెడుతున్నది, తల తిరుగుతున్నది, నాకు బుగులు అయితున్నది" అని మీకు కనిపించింది చెప్పండి. ఆమె కాదనవచ్చు, కోపం చేయవచ్చు. మళ్ళీ కొన్ని రోజులకు అడగండి. కళ్ళు తిరిగి పడినా, గుండె దడ వచ్చినా, రక్తం కక్కినా, చచ్చిపోతాననే మాట వచ్చినా మాత్రం ఆగవద్దు, అప్పుడే ఆసుపత్రికి పోవాలి. జిల్లా సర్కారు ఆసుపత్రులలో మానసిక విభాగం ఉంటుంది, అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ రక్షణ ఇవ్వాలి. పాలసీ ఉన్నవాళ్ళు అడిగి తీసుకోండి.

సమాఖ్య పెద్దలకు మూడు విన్నపాలు. ఏటా పెట్టే వైద్య శిబిరాలలో కళ్ళు, షుగర్, బీపీతో పాటు మనసు డాక్టరును కూడా కూర్చోబెట్టండి, గది పక్కకు ఇవ్వండి. బరువు తగ్గమని చెప్పే చోట ఎట్లా తగ్గాలో, ఎక్కడ ఆపాలో కూడా చెప్పే మనిషిని పెట్టండి. మన సామూహిక భోజనాలలో ఆడవాళ్ళ పంక్తి చివర కాకుండా అందరితో వేయండి. మూడోదానికి ఖర్చు కూడా లేదు.

పెద్దక్క ఈ సభలోనే ఉంది. ఎక్కడ కూర్చుందో చెప్పం, మీరూ వెతకకండి. పొద్దున బండి ఎక్కేముందు మాతో ఒక మాట అన్నది. "అక్కడ భోజనాలు అయితయ్ గద, నన్ను మీ ఇద్దరి నడుమ కూచోబెట్టుకోండ్రి" అన్నది. రెండేళ్ళలో భోజనం గురించి ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది. కాబట్టి మేము తొందరగా ముగించి పోవాలి, పంక్తి వేస్తున్నారు.

జై మార్కండేయ.